జీవితకాల సభ్యత్వం అంటే ఎవరి జీవితకాలం?

ప్రశ్న: నాకు 66 ఏళ్లు, మా వారికి 71. ఉద్యోగ విరమణ తర్వాత మా వయసువాళ్ల నడక బృందంలో చేరాం. ఇన్నాళ్లూ చదును దారుల్లోనే నడిచాం. ఇప్పుడు అందరూ కొండదారులు పడదాం అంటున్నారు. రెండు నెలల్లో ఒక రాత్రి టెంట్లలో పడుకునే కార్యక్రమం కూడా ఉంది. బూట్లు కొందామని ఒక పెద్ద దుకాణానికి వెళ్లాం. అక్కడి అబ్బాయి మర్యాదగానే మాట్లాడుతూ గంటలో బండి నింపేశాడు. బిల్లు దగ్గర ఇంకో తతంగం: ఏడాది సభ్యత్వమా, జీవితకాల సభ్యత్వమా, వాళ్ల క్రెడిట్ కార్డా? వెంటనే చేరితే ఆ బిల్లు మీదే పది శాతం తగ్గిస్తారట. ఏమీ తోచక అన్నీ అక్కడే వదిలేసి వచ్చేశాం. ఆన్‌లైన్‌లో సగం ధరకు దొరికేవాటికి దుకాణం దాకా ఎందుకు అంటాడు మా అబ్బాయి. మా వారికి మోకాళ్ల నొప్పి, నాకు చేతివేళ్ల కీళ్లు పట్టేస్తుంటాయి. ఏవి కొనాలి? సభ్యత్వం తీసుకోవాలా, వద్దా?

సమాధానం: అమ్మా, బండి అక్కడే వదిలేసి వచ్చారు చూడండి, ఆ రోజుకు అంతకంటే మంచి పని ఇంకొకటి లేదు. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అంటారు. సామెతలో కొసరేది కొనేవాళ్లు. ఇలాంటి దుకాణాల్లో కొసరేది అమ్మేవాళ్లే. బూట్ల కోసం వెళ్లిన మనిషి టెంటు, పొయ్యి, పన్నెండు జేబుల చొక్కా మోసుకుంటూ ఇంటికి వస్తాడు. ఆ అబ్బాయిని తప్పు పట్టలేం. అతని వయసు పాతికేళ్లుంటుంది, మోకాళ్ల వయసూ అంతే. మనకు ఏది ఇబ్బందో అతనికి తట్టదు, మనమే చెప్పాలి.

ముందు బిల్లు దగ్గరి చిక్కు విప్పుదాం. సభ్యత్వాలన్నీ పైకి ఒకేలా కనిపిస్తాయి గానీ వాటిలో రెండు జాతులున్నాయి. ఒకటి అసలైన సహకార సంఘం. ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో 1844లో 28 మంది కలిసి పెట్టుకున్న సరుకుల కొట్టు దీనికి మూలం. సభ్యులే యజమానులు, ఎవరెంత కొన్నారో ఆ దామాషాలోనే మిగులు పంచుకోవడం వాళ్ల పద్ధతి. కొండలెక్కే సామాను అమ్మకంలో ఈ పద్ధతికి పేరు తెచ్చింది అమెరికాలోని ఆర్‌ఈఐ. సియాటిల్‌లో లాయిడ్ ఆండర్సన్, మేరీ ఆండర్సన్ దంపతులు మంచుకొండలు ఎక్కేవాళ్లు. సరసమైన ధరకు మంచి మంచుగొడ్డలి దొరక్క ఆస్ట్రియా నుంచి తెప్పించుకున్నారు. అది చూసి తోటివాళ్లు తమకూ తెప్పించమన్నారు. 1938లో 23 మంది కలిసి సంఘంగా ఏర్పడ్డారు. ఇలాంటి చోట రుసుము ఒక్కసారే కడతారు, కొన్నదాని మీద ఏటా కొంత వెనక్కి వస్తుంది, పాలకవర్గం ఎన్నికలో ఓటు ఉంటుంది.

రెండో జాతి మామూలు వ్యాపారం. దాని సభ్యత్వానికి అసలు పేరు రాయితీ కార్డు. ఇందులో నేరమేమీ లేదు, లెక్క మాత్రం మనమే వేసుకోవాలి. రాయితీ పది శాతమైతే, కట్టిన రుసుముకు పది రెట్ల విలువైన సామాను కొంటే గానీ ఆ రుసుము తిరిగి రాదు. అయిదు శాతమైతే ఇరవై రెట్లు కొనాలి. పైగా ఆ శాతం చాలాచోట్ల పూర్తి ధర సరుకుకే వర్తిస్తుంది. తగ్గింపు ధరల్లో పెట్టినవాటికి, కొన్ని కంపెనీల సరుకుకు వర్తించదు. మన వయసువాళ్ల కొనుగోళ్ల తీరు కూడా వేరు. మొదటి ఏడాది ఒక్కసారిగా అన్నీ కొంటాం, ఆ తర్వాత రెండు మూడేళ్లు మేజోళ్లు తప్ప ఏమీ కొనం. అందుకే ఏడాది సభ్యత్వం మొదటి ఏడాది లాభం చూపించి, రెండో ఏడాది నుంచి మన జేబులోంచే తింటుంది. అదీ చప్పుడు చేయకుండా, దానంతటదే పునరుద్ధరణ అయిపోతూ. చేరితే గనుక ఆ పునరుద్ధరణను అదే రోజు, అదే బల్ల దగ్గర ఆపించేయండి. క్రెడిట్ కార్డు సంగతి ఒక్క ముక్కలో చెబుతాను, వద్దు. ఒక్క నెల బాకీ నిలిచినా ఏడాది పొడుగునా కూడబెట్టిన పాయింట్లు వడ్డీలో కొట్టుకుపోతాయి.

వృద్ధులకు విడిగా రాయితీ ఉందేమో నోరు విప్పి అడగండి. కొన్ని దుకాణాలు వారంలో ఒక రోజు ఇస్తాయి, ఆ మాట గోడ మీద రాసి ఉండదు. సాధారణంగా దాన్నీ సభ్యత్వ రాయితీనీ కలిపి ఇవ్వరు. రెండింటిలో ఏది ఎక్కువైతే అది తీసుకోండి. వయసు చెప్పుకోవడానికి మొహమాటపడితే నష్టం మనకే.

ఇక జీవితకాలం అన్న మాట. మన ఆయుష్షు గురించి నాకు బెంగ లేదు, దుకాణం ఆయుష్షు గురించే. కెనడాలో 1971లో కొండలెక్కేవాళ్లు కొందరు పెట్టుకున్న మౌంటెన్ ఎక్విప్‌మెంట్ కోఆపరేటివ్ లక్షల మంది సభ్యులతో దేశమంతా పెరిగింది. ఆర్థికంగా దెబ్బతిని 2020లో ఒక ప్రైవేటు పెట్టుబడి సంస్థ చేతికి వెళ్లింది. సభ్యుల ఓటు అడగలేదు, కోర్టు ఆమోదంతో అమ్మకం జరిగిపోయింది. నిన్నటిదాకా యజమానులుగా ఉన్నవాళ్లు తెల్లారేసరికి మామూలు ఖాతాదారులయ్యారు.

అమెరికాలోనే తన పేరుతో బూట్ల కంపెనీ పెట్టిన ఎల్.ఎల్. బీన్ కథ ఇంకా బాగుంటుంది. 1912లో ఆయన అమ్మిన మొదటి వంద జతల వేటబూట్లలో తొంభై జతలు, కింది రబ్బరు పై తోలు నుంచి ఊడిపోయి, వెనక్కి వచ్చాయి. అందరికీ డబ్బు తిరిగి ఇచ్చేసి, బూటును సరిచేసి మళ్లీ అమ్మాడని ఆ కంపెనీ గర్వంగా చెప్పుకుంటుంది. ఎప్పుడు తెచ్చినా వాపసు తీసుకుంటామన్న మాట నూరేళ్లకు పైగా నిలిచింది. 2018లో అది ఏడాది గడువుకు కుదించుకుపోయింది. ఏళ్ల తరబడి తొడిగి అరగదీసిన బూట్లు తెచ్చి కొత్తవి పట్టుకుపోయేవాళ్లు ఎక్కువయ్యారు మరి. ఆర్‌ఈఐ కూడా 2013లోనే సభ్యులకు ఏడాది గడువు పెట్టింది. అంటే, పెట్టిన షరతులు దుకాణం ఎప్పుడైనా మార్చుకుంటుంది. పదేళ్ల తర్వాత వచ్చే లాభం లెక్కలో వేసుకుని సభ్యత్వం కొనకండి. ఈ ఏడాది మీరు ఎటూ కొనబోయే సామానుతోనే రుసుము తిరిగి వస్తుందనుకుంటే చేరండి, లేకపోతే మానేయండి.

నన్నడిగితే, మన వయసులో ఆ కార్డులో కొనదగిన సరుకు ఒక్కటే ఉంది, అది వాపసు గడువు. చాలా దుకాణాలు సభ్యులకు ఎక్కువ గడువు ఇస్తాయి. పాతికేళ్ల కాలికి బూటు సరిపోయిందో లేదో దుకాణంలోనే తెలిసిపోతుంది. మన కాలికి మూడో నడకలో, రెండో గంటలో తెలుస్తుంది, అదీ దిగేటప్పుడు. కాబట్టి బిల్లు దగ్గర అడగాల్సిన ప్రశ్న ఎంత తగ్గిస్తారని కాదు. బయట మట్టిలో నడిచాక కూడా తీసుకుంటారా, ఎన్నాళ్ల దాకా, డబ్బు చేతికిస్తారా లేక దుకాణంలోనే ఖర్చు పెట్టుకునే కూపన్ ఇస్తారా, ఇవి అడగండి. జవాబు నోటిమాటగా వద్దు, బిల్లు వెనక అచ్చయి ఉన్నది చూపించమనండి.

బూట్లకు వద్దాం. మీరు ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే, తొందరపడకూడనిదీ ఇక్కడే. వయసుతో పాటు పాదం మారుతుంది. ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్లు వదులై అరికాలి వంపు కాస్త కుంగుతుంది, దానితో పాదం పొడుగూ వెడల్పూ పెరుగుతాయి. మడమ కింది మెత్త పలచబడుతుంది. ముప్పై ఏళ్లుగా నాది ఇదే నంబరు అని పట్టుబట్టేవాళ్లు ముప్పై ఏళ్ల నాటి పాదానికి బూటు కొంటున్నారన్నమాట. రెండు పాదాలూ నిలబడి కొలిపించుకోండి, పెద్దదాని కొలతే తీసుకోండి.

మధ్యాహ్నం నాలుగు దాటాక వెళ్లండి, వారాంతంలో కాకుండా మామూలు రోజున. ఆ వేళకు పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి, నడకలోనూ అలాగే ఉబ్బుతాయి. దుకాణంలో రద్దీ ఉండదు కాబట్టి అబ్బాయికీ తీరిక ఉంటుంది. నడకకు వేసుకునే మేజోళ్లే తొడుక్కుని వెళ్లండి. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. మంచి దుకాణాల్లో రాళ్లు పొదిగిన చిన్న ఏటవాలు చెక్క ఉంటుంది. చాలామంది దాన్ని పిల్లల ఆటవస్తువనుకుని పక్కనుంచి వెళ్లిపోతారు. బూటు కొనడంలో అసలు పరీక్ష అదే. లేసులు బిగించి దాని మీద కిందికి ముఖం పెట్టి నిలబడి, మడమను రెండుసార్లు గట్టిగా నేలకు తాటించండి. వేళ్లు ముందుకు జారి బూటు కొసకు తగిలాయా, ఆ జత వదిలేయండి. కొండ దిగేటప్పుడు అదే తాకిడి వేల అడుగుల పాటు ఉంటుంది, ఇంటికి వచ్చి చూసుకుంటే బొటనవేలి గోరు నల్లబడి ఉంటుంది. ఇప్పుడు పైకి ఎక్కి చూడండి, మడమ బూటులో లేస్తుంటే అదీ పనికిరాదు. చెక్క లేకపోతే మెట్ల మీద చూసుకోండి. ఇంటికి తెచ్చాక రెండు సాయంత్రాలు గదుల్లోనే తొడుక్కుని తిరగండి. పెట్టె, చీటీలు, బిల్లు అలాగే ఉంచండి.

చీలమండ దాకా వచ్చే బరువైన బూట్లే క్షేమం అని ఆ అబ్బాయి చెప్పే ఉంటాడు. వీపు మీది బరువు కంటే పాదం మీది బరువు ఎన్నో రెట్లు అలసట తెస్తుంది. ఒక పూట నడకకు, చిన్న సంచితో వెళ్లేవాళ్లకు, పట్టున్న అడుగు గల తేలికపాటి బూటే హాయి. నీరు చొరని పొర ఉన్న బూట్లు చలికి, తడిగడ్డికి మంచివే. పైనుంచి నీళ్లు దిగాయంటే మాత్రం అదే పొర లోపలి తడిని బయటికి పోనివ్వదు.

ఒక సొంత గొడవ చెప్పుకుంటాను. ఒకసారి పాత నిల్వ ఖాళీ చేసే అమ్మకంలో నచ్చిన బూట్లు రెండు జతలు కొన్నాను. రెండో జతను పెట్టెతో సహా అటక మీద దాచాను. ఏడేళ్ల తర్వాత దించితే లోపల కాగితం ఉండలు కూడా చెదరలేదు, తోలు మెరుస్తోంది, నా ముందుచూపుకు నేనే మెచ్చుకున్నాను. నడక మొదలుపెట్టిన అరగంటకు కుడికాలి కింద ఏదో అంటుకున్నట్టు అనిపించింది. చూస్తే అంటుకోవడం కాదు, ఊడిపోవడం. పై బూటుకూ కింది రబ్బరుకూ మధ్య ఉండే బూడిదరంగు మెత్త పొడిపొడిగా రాలుతోంది, వేలితో గీరితే సుద్దలా వస్తోంది. పదడుగులకు బూటు అడుగుభాగం నోరు తెరిచింది. లేసుతో చుట్టి కట్టి, కుంటుకుంటూ వెనక్కి వచ్చాను. దారిలో ఎడమది కూడా దాని బాటే పట్టింది. ఆ మెత్త పాలీయురేథేన్. గాలిలోని తేమకే ఏళ్ల తరబడి లోలోపల విచ్ఛిన్నమవుతుంది, తొడిగినా తొడగకపోయినా. కాబట్టి మంచి ధర వచ్చిందని రెండు జతలు కొనకండి. సగం ధరకు పెట్టిన బూటు కనిపిస్తే అది ఎప్పుడు తయారైందో అడగండి, చాలావాటికి నాలుక లోపలి చీటీ మీద తేదీ ఉంటుంది. మధ్య పొరను బొటనవేలితో నొక్కి చూడండి. సన్నని పగుళ్లు కనిపిస్తే ఉచితంగా ఇచ్చినా వద్దు. మీ అబ్బాయి చెప్పే సగం ధర సరుకులో ఇలాంటివి ఎన్ని ఉంటాయో ఫోను తెర మీద నొక్కి చూడలేం కదా.

బూట్ల తర్వాత కొనాల్సింది కర్రలు, జతగా. మీ వారికి ఇవి అలంకారం కాదు. దిగుడు దారిలో రెండు కర్రలతో నడిస్తే మోకాలి మీద పడే బలం 12 నుంచి 25 శాతం దాకా తగ్గుతుందని 1999లో అచ్చయిన ఒక అధ్యయనం కొలిచి చూపింది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు ముసలివాళ్లలా కనిపిస్తామని కర్ర పట్టరు. కర్ర లేకుండా పక్కకు తిరిగి ఒక్కో అడుగే దిగుతూ ఎలా కనిపిస్తున్నారో వాళ్లకు తెలియదు. చదునులో కర్ర మొన నేలకు ఆనించి పట్టుకుంటే మోచేయి లంబకోణంలో ఉండాలి. ఎక్కేటప్పుడు కాస్త కురచ చేసుకోవాలి, దిగేటప్పుడు అయిదు నుంచి పది సెంటీమీటర్లు పొడుగు చేసుకోవాలి. అంటే పూటకు పదిసార్లయినా కర్ర పొడవు మార్చాలి. మీ వేళ్ల కీళ్ల సంగతి ఇక్కడే వస్తుంది. తిప్పి బిగించే కర్రలు పట్టుకోకండి. చలికి వేళ్లు పట్టేసినప్పుడు వాటిని తిప్పడం మీ వల్ల కాదు, సగం బిగిసిన కర్ర మీద బరువు వేస్తే అది జారి లోపలికి దిగిపోతుంది. చిన్న మీట ఎత్తి నొక్కే రకం అడగండి. అందులోనూ కొన్ని మీటలు గోరు విరిగేంత బిగువుగా ఉంటాయి. అబ్బాయి చేసి చూపించడం కాదు, మీ చేత్తో పదిసార్లు తీసి పెట్టి చూడండి. మణికట్టు పట్టీలోకి చేతిని కింది నుంచి పైకి దూర్చి, పట్టీతో కలిపి పిడి పట్టుకోవాలి. అప్పుడు బరువును పట్టీ మోస్తుంది, వేళ్లు పిడిని నలిపేయక్కర్లేదు.

సంచి విషయంలో ఒక్కటే చూడండి: బరువు భుజాల మీద కాక తుంటి ఎముకల మీద కూర్చోవాలి. కాబట్టి నడుము పట్టీ ఉన్నది, మీ వెన్ను పొడవుకు సరిపోయేది కావాలి. ఖాళీ సంచి అందరికీ హాయిగానే ఉంటుంది. దుకాణంలో ఇసుకమూటలు ఉంటాయి, అడిగి వేయించుకుని పావుగంట తిరగండి. బకిళ్లు మీరే విప్పి పెట్టి చూడండి. జిప్పు కొసలు మరీ చిన్నవైతే దారపు ఉచ్చులు కట్టుకోవచ్చు, దానికి కొత్త సంచి అక్కర్లేదు.

దుకాణం అమ్మనిది ఒకటి చెప్పాలి. మీరిద్దరిలో ఎవరికైనా రెండు చూపుల అద్దాలు ఉన్నాయా? దిగేటప్పుడు తల వంచితే కింది భాగంలోని చదువు అద్దంలోంచి మెట్టు కనిపిస్తుంది, అంటే మసకగా కనిపిస్తుంది. దూరపు చూపు మాత్రమే ఉన్న కళ్లజోడు ఒకటి నడకకు విడిగా చేయించుకోమంటాను, కళ్ల వైద్యులను ఒక మాట అడిగి. కాలు జారుతుందేమోనని గుండె బేజారయ్యే వయసులో ఇది ఖరీదైన జాకెట్టు కంటే ముందు రావాలి. తలకు పెట్టుకునే దీపం కూడా బాగా వెలుగిచ్చేదే తీసుకోండి. అరవై ఏళ్ల కంటి లోపలికి చేరే వెలుగు, ఇరవై ఏళ్ల కంటికి చేరేదానిలో సుమారు మూడో వంతే.

టెంటు కొనకండి. పడక సంచీ, కింది పరుపూ కొనకండి. ఒక్క రాత్రి అనుభవం ఇంకా కాలేదు. బృందంలో ఎవరినైనా అడగండి, లేదా అద్దెకు తీసుకోండి. సభ్యులకు అద్దె తగ్గించే దుకాణాలు ఉన్నాయి, సభ్యత్వం లెక్కలో అది కూడా వేసుకోవచ్చు. అద్దెకు తెచ్చాక ముందుగా ఇంట్లోనే నేల మీద పరుపు వేసుకుని పడుకుని, చీకట్లో లేవడం ఎలా ఉందో చూసుకోండి. మన వయసులో రాత్రి ఒకటి రెండుసార్లు లేవక తప్పదు. మోకాళ్ల మీద పాకుతూ వెళ్లి, చేతికి అందని జిప్పు వెతికే టెంటు మీ వారికి పనికిరాదు. నిలబడి బయటికి రాగలిగే గుమ్మం ఉన్నది అడగండి, కాస్త బరువెక్కువైనా ఫరవాలేదు.

మీ అబ్బాయి మాటను పూర్తిగా కొట్టిపారేయను. కొలత ఒకసారి ఖాయమయ్యాక మేజోళ్లు, అదే కర్రలకు రబ్బరు తొడుగులు, నీళ్ల సీసా, టోపీ ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు. ఒంటికి ఆనేవి, చేత్తో తిప్పేవి మాత్రం తాకి చూడాల్సిందే. దుకాణంలో గంటసేపు ఆ పిల్లవాడి చేత పది జతలు తీయించుకుని, గుమ్మం దాటగానే ఫోనులో చవకగా కొనడం నాకైతే నచ్చదు. ఫోను అక్కడే తీసి, ఈ ధరకు మీరిస్తారా అని అడగడం నచ్చుతుంది. చాలా దుకాణాలు ఇస్తాయి.

ఈసారి వెళ్లినప్పుడు బూట్లు, రెండేసి జతల మేజోళ్లు, కర్రలు కొనండి. బండి తోసుకెళ్లకండి, ఇవి చేతుల్లోనే పడతాయి. మిగతావి మూడు నడకల తర్వాత, ఏది లేక ఇబ్బంది పడ్డారో చూసుకుని కొనొచ్చు. బిల్లు కాగితం మీది అక్షరాలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి, ఇంటికి రాగానే ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. వాపసు గడువు ముగిసే తేదీకి పది రోజుల ముందు క్యాలెండర్‌లో ఒక గుర్తు పెట్టండి. ఆ రోజు మీ వారిని కూర్చోబెట్టి బూటు ఎక్కడైనా నొక్కుతోందా అని అడగండి. మొదట ఏమీ లేదంటారు. మేజోళ్లు విప్పించి గోళ్లు చూడండి.